పదకొండు సిట్టింగులు: మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రూపచిత్రం వేసిన నా అనుభవం

పాతికేళ్ళుగా నేను మనుషుల బొమ్మలు వేస్తున్నాను గాని, నిరుటి సంక్రాంతి వరకు వాటిలో ఒక్కటి కూడా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పూర్తిగా వేసినది కాదు. రాజమహేంద్రవరంలో హైస్కూలు డ్రాయింగు మాస్టారిగా పనిచేస్తూ, సెలవు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తెచ్చి ఇచ్చే ఫోటోలు చూసి తైలవర్ణాల్లో పటాలు వేసి ఇవ్వడం నాకు రెండో వృత్తి. వచ్చేవి చాలావరకు చనిపోయినవారి ఫోటోలే. పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖమో, పాత పాసుపుస్తకం మీద అంటించిన బొమ్మో, ఈమధ్య అయితే సెల్‌ఫోనులో దొరికిన మసక చిత్రమో తెచ్చి ఇస్తారు. దాని మీద సన్నగా గళ్ళు గీసి, కాన్వాస్ మీద అన్నే గళ్ళు పెద్దవిగా గీసి, ఏ గడిలో ఉన్నది ఆ గడిలోకి దించుకుంటూ పోతే పోలిక తప్పదు. ఈ పద్ధతిని నేను తక్కువ చేసి మాట్లాడను. ఎన్నో ఇళ్ళలో తల్లిదండ్రుల జ్ఞాపకం గోడ మీద నిలిచింది దానివల్లనే.

అయితే ఒకసారి ఒక కుటుంబం తండ్రిగారి గుర్తింపు కార్డు ఫోటో తెచ్చి పటం వేయించుకున్నప్పుడు, పెద్దకూతురు దాన్ని చాలాసేపు చూసి, "కళ్ళూ ముక్కూ నాన్నవే మాస్టారూ, కానీ నాన్న ఎప్పుడూ ఇలా ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేదు" అన్నది. తప్పు పట్టడానికి అన్న మాట కాదు, డబ్బు కూడా పూర్తిగా ఇచ్చి తీసుకువెళ్ళారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కదలకండి అని ఎవరో చెబితే ఆ మనిషి ఒక్క క్షణం బిగుసుకున్నాడు. ఆ బిగువును నేను ఇరవై రోజులు కష్టపడి అచ్చంగా దించాను. డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు, ఆ తరువాత టీటీసీ శిక్షణ పూర్తి చేసినవాణ్ణే అయినా, ప్రాణమున్న మనిషిని గంటల తరబడి చూస్తూ బొమ్మ వేయడం నా చదువులో ఎక్కడా తగల్లేదు. అది నేర్చుకోకుండా ఈ పని మానేయకూడదని ఆ రోజుల్లోనే నిర్ణయించుకున్నాను.

కళాశాలల్లో అయితే విద్యార్థుల ముందు కూర్చోవడానికి కూలి ఇచ్చి మనుషులను పిలిపిస్తారు. మా ఊళ్ళో అటువంటి ఏర్పాటు లేదు. తెలిసినవారిని అడిగితే కొందరు సిగ్గుపడ్డారు, కొందరు ఆయుష్షు తగ్గుతుందన్నారు, మిగిలినవారు ఫోటో తీసుకుని వేసుకోమన్నారు. చివరికి మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లవాడి నాయనమ్మ ఒప్పుకున్నారు. ఆవిడ కడియపులంక నర్సరీల్లో నలభై ఏళ్ళకు పైగా మొక్కలకు అంట్లు కట్టిన మనిషి. మోకాళ్ళ నొప్పులవల్ల ఇప్పుడు పనికి వెళ్ళడం తగ్గించారు. నేను సంగతి చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "బతికుండగానే పటమేంటి మాస్టారూ? దండేస్తారా ఏంటి?" అని. మన ఇళ్ళలో గోడ మీది పెద్ద పటం అంటే పోయినవారిదే కాబట్టి ఆ ప్రశ్నలో వింత ఏమీ లేదు. ఇది దండ వేసే పటం కాదనీ, నేను పని నేర్చుకోవడానికి వేసేదనీ, ఆవిడకు ఇష్టం లేకపోతే ఎవరికీ చూపించననీ చెప్పాను. నర్సరీల్లో ఒక రోజు కూలి ఎంతో కనుక్కుని, రెండున్నర గంటలు కూర్చున్నందుకు అంతా ఇస్తానన్నాను. ఊరికే కూర్చున్నందుకు కూలా అని ఆవిడ మొహమాటపడ్డారు గాని, రెండో సిట్టింగు పూర్తయ్యేసరికి ఆ మాట మళ్ళీ అనలేదు. కదలకుండా కూర్చోవడం ఎంత శ్రమో ఆవిడ నడుమే ఆవిడకు చెప్పింది.

వెలుతురు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తైలవర్ణ చిత్రకళ మీద వచ్చిన విదేశీ పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ ఉన్న గది చూసుకోమంటాయి. ఎండ నేరుగా పడదు కాబట్టి, ఆకాశపు వెలుతురు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుందని వాటి భావం. ఐరోపాకు అది చాలావరకు సరిపోతుంది. రాజమహేంద్రవరం ఉన్నది 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా నడినెత్తి వేళ కూడా సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మార్చి 21 దాటిన దగ్గర నుంచే పొద్దుపొడుపు తూర్పుకు ఉత్తరంగా జరగడం మొదలవుతుంది. అంతకు ముందటి ఏడాది వేసవి సెలవుల్లో మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి ప్రయత్నించినప్పుడు, ఉత్తరపు కిటికీలోంచి ఎండ పలక వచ్చి వాడి భుజం మీద పడి, గంటలో చెంప మీదికి పాకింది. పుస్తకం తప్పో నా కిటికీ తప్పో అర్థం కాలేదు. ఆ తరువాత సూర్యగమనం లెక్క చూసుకుంటే, సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా ఆ కిటికీలోకి ఎండ రాదని తేలింది. అందుకే నిరుడు సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టి, ఆదివారాలూ రెండో శనివారాలూ కలుపుకుని, మార్చి మూడో వారం లోపల ముగించేటట్టు పదకొండు సిట్టింగులు అనుకున్నాను. వారానికోసారి కూర్చోవడంవల్ల ఒక మేలు కూడా జరిగింది. అడుగున పలుచగా వేసిన రంగు ఆరడానికి వారం చాలింది.

మేడ మీది గదిలో ఆవిడ కుర్చీని పది అంగుళాల ఎత్తున్న చెక్కబల్ల మీద వేశాను. నేను నిలబడి పనిచేస్తాను కాబట్టి, ఆవిడ కూర్చున్నా మా ఇద్దరి కళ్ళూ దాదాపు ఒకే ఎత్తుకు రావడానికి ఆ ఏర్పాటు. కుర్చీ కాళ్ళ చుట్టూ, ఆవిడ పాదాల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసి, వాటి మీద రంగు టేపు అంటించాను. చూపు నిలపడానికి ఎదుటి గోడకు కొట్టిన మేకు ఒకటి చూపించాను. ఇరవై నిమిషాలు కూర్చోవడం, అయిదు నిమిషాలు లేచి తిరగడం, మూడు విడతలకు ఒకసారి టీ తాగి పావుగంట విశ్రాంతి తీసుకోవడం మా నియమం. గడియారం నేను చూసుకునేవాణ్ణి. పనిలో పడి ఇరవై నిమిషాలను ముప్పై చేయడం వేసేవాడికి చాలా తేలిక. కూర్చున్నవారు వయసులో పెద్దవారైతే అది అన్యాయమని నా అభిప్రాయం.

మొదటి రోజు కాన్వాస్ ముట్టుకోలేదు. బొగ్గు పుల్లతో కాగితం మీద నాలుగు చిత్తుబొమ్మలు, ఒక్కొక్కటి ఇరవై నిమిషాల్లో వేశాను. అప్పుడే ఒక సంగతి గమనించాను. కూర్చున్న మొదటి పది నిమిషాలూ ఆవిడ మామూలుగా కూర్చునేటట్టు కూర్చోరు. వెన్ను నిటారుగా, గడ్డం పైకెత్తి, స్టూడియోలో ఉన్నట్టు ఉంటారు. పది నిమిషాలు గడిచాక భుజాలు అంగుళం మేర కిందికి జారతాయి, మెడ కాస్త ముందుకు వస్తుంది, చెంపల బరువు తెలుస్తుంది. అప్పటిదాకా గీసిన గీతలన్నీ అతిథివి, ఆ తరువాతివే ఇంటి మనిషివి. ఫోటో చూసి పనిచేసిన ఇన్నేళ్ళలో నాకు దొరికిందల్లా ఆ మొదటి క్షణమే. అందుచేత ప్రతి సిట్టింగులోనూ మొదటి పది నిమిషాలు రంగులు కలుపుకోవడానికీ, కిందటి వారం పని పరిశీలించుకోవడానికీ కేటాయించాను.

రెండోసారి ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు. ఆవిడ రోజూ కట్టుకునే నూలు చీరలో రమ్మని నేను అడిగితే, "పాత చీరలో బొమ్మేయించుకుంటే మా కోడలు తలెత్తుకోగలదా?" అన్నారు. నాకు కావలసింది కంటికి అలవాటైన మడతలు, ఆవిడకు కావలసింది మర్యాద. చివరికి కొత్తదే అయినా నూలుది, ఆకుపచ్చ రంగు నేతచీర ఒకటి తెచ్చుకుని, అన్ని సిట్టింగులకూ అదే కట్టారు. మొదట నాకు అది అసంతృప్తిగానే అనిపించింది గాని, ఆ ఆకుపచ్చ తరువాత నాకు ఒక పాఠం చెప్పింది. ఆ సంగతి వస్తుంది.

కాన్వాస్ 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. ఒడిలోని చేతులు కూడా రావాలని ఆ కొలత ఎంచుకున్నాను. తెల్లటి కాన్వాస్ మీద మొదటి రంగు ఎంత ముదురో అంచనా కట్టడం కష్టం. అందువల్ల ముదురు గోధుమ రంగైన బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో బాగా పలుచన చేసి అంతటా పూసి, గుడ్డతో తుడిచి, తడి మట్టి రంగు వచ్చేటట్టు చేసి ముందే ఆరబెట్టుకున్నాను. బొమ్మ గీయడంలో గళ్ళు లేకపోయేసరికి మొదట కాళ్ళ కింద నేల లేనట్టు అనిపించింది. గళ్ళకు బదులు రెండు సాధనాలు పెట్టుకున్నాను. ఒకటి, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే తూకపు గుండు. దాన్ని దారంతో వేలాడదీసి, కంటి కొస కింద నోటి మూల వస్తుందా, మెడ గుంట వస్తుందా అని చూసుకోవచ్చు. రెండోది, చెయ్యి పూర్తిగా చాచి పట్టుకున్న కుంచె. ఒక కన్ను మూసి, కుంచె కొస నుంచి బొటనవేలి దాకా ముఖం పొడవును కొలిచి, అదే కొలతను మిగతా ఒంటికి పోల్చుకోవచ్చు. మోచెయ్యి ఏమాత్రం వంగినా ఈ కొలత తప్పుతుంది.

మన శిల్పశాస్త్రాల్లో ముఖం పొడవును ఒక తాలంగా తీసుకుని, దాన్ని అంగుళాలనే పన్నెండు సమభాగాలు చేసి, నుదుటికి నాలుగు, ముక్కుకు నాలుగు, ముక్కు కింద నుంచి గడ్డం దాకా నాలుగు పంచుతారు. నేను పిల్లలకు చెప్పే లెక్క కూడా అదే. ఆవిడ ముఖంలో కొలిచి చూస్తే మూడో భాగం మిగతా రెండింటికన్నా స్పష్టంగా కురచగా ఉంది. దవడ పళ్ళు ఊడిపోవడంతో నోరు మూసినప్పుడు గడ్డం ముక్కుకు దగ్గరగా వస్తోంది. నేను అలవాటు కొద్దీ నాలుగు అంగుళాలూ ఇచ్చి గీసేశాను. గుండు దారం పెట్టి చూసుకున్నాక గడ్డాన్ని పైకి జరిపితే, ఒక్క గీతతో ఆవిడ కాన్వాస్ మీదికి వచ్చారు. కళ్ళు ఇంకా గీయనే లేదు. పోలిక కళ్ళలో ఉంటుందని ఇన్నేళ్ళూ నమ్మినవాణ్ణి నేను. తల ఎంత, దవడ ఎక్కడ ఆగుతుంది, మెడ భుజాలలోకి ఏ వాలున దిగుతుంది అనేవి కుదిరితే, పది గజాల దూరం నుంచి వస్తున్న మనిషిని గుర్తుపట్టినట్టు బొమ్మలో మనిషిని గుర్తుపట్టవచ్చునని ఆ రోజు తెలిసింది.

మూడో సిట్టింగు మొత్తం వెలుగునీడలకే సరిపోయింది. కళ్ళు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు మాయమై, ముఖం మూడు నాలుగు పెద్ద ముక్కలుగా కనిపిస్తుంది. ఆ ముక్కలను అంబర్ ఒక్కదానితోనే వేసి, వెలుగు ఉన్నచోట గుడ్డతో తుడిచాను.

నాలుగోసారి రంగులకు వచ్చాము. రంగులు కలుపుకునే పాలెట్ పలక మీద టైటానియం వైట్, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి రంగు), బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ మాత్రమే పెట్టుకున్నాను. నలుపు ట్యూబు పెట్టుకోలేదు. అంబర్‌లో అల్ట్రామెరైన్ కలిపితే అంతకన్నా లోతైన చీకటి వస్తుంది. చర్మపు రంగు పేరుతో అమ్మే గులాబీ ట్యూబు మన ముఖాలకు పనికిరాదు. ఆవిడది నలుపు. అది ఒక్క నలుపు కాదని గంటసేపు చూశాకే తెలిసింది. ఎండలో నలభై ఏళ్ళు పనిచేసిన నుదురూ చెంపల పైభాగమూ గాఢంగా ఉంటే, పైట నీడన ఉండే మెడ కింది భాగం రెండు ఛాయలు తేలికగా, కాస్త పసుపుపచ్చగా ఉంది. నుదుటి మీద మెరుపుకు తెలుపు వేస్తే సుద్ద అంటినట్టయింది. అక్కడ ఉన్నది కిటికీలోంచి పడుతున్న ఆకాశం. తెలుపులో అల్ట్రామెరైన్ రవ్వంత, అంబర్ రవ్వంత కలిపి పెట్టగానే చర్మం తడిగా, సజీవంగా కనిపించింది. ఉత్తరపు వెలుతురు చల్లని నీలం కాబట్టి నీడలు దానికి ఎదురుగా వెచ్చగా, బర్న్ట్ సియన్నా వైపు మొగ్గుతాయి. ఇక గడ్డం కింద నీడలో నాకు ఎంతకూ కుదరని ఒక రంగు ఉంది. చాలాసేపటికి అది చీర మీద పడిన వెలుతురు పైకి తిరగబడి ఇచ్చిన ఆకుపచ్చ అని అర్థమైంది. నేను వద్దనుకున్న ఆ కొత్త చీర ఆవిడ దవడ ఎముకను చీకట్లోంచి పైకి తీసుకువచ్చింది.

ఆ రోజు విరామంలో ఆవిడ కాన్వాస్ నిలబెట్టిన ఈజిల్ దగ్గరికి వచ్చి చూసి, "కాస్త తెల్లగా వెయ్యరాదూ మాస్టారూ" అని మెల్లగా అడిగారు. ఈ మాట విని నాకు బాధ కలిగింది. ఎందుకంటే ఫోటో పటాలలో అలా వేసినవాణ్ణి నేనే. అడిగినవారికీ అడగనివారికీ కూడా రెండు ఛాయలు తేల్చి ఇచ్చాను, అది మర్యాదలో భాగమని అనుకున్నాను. ఆవిడకు మాటలతో జవాబు చెప్పకుండా, పాలెట్ మీద కలిపి పెట్టుకున్న పదకొండు రంగులూ చూపించి, ఇవన్నీ మీ ముఖంలోనివే అని ఒక్కొక్కటీ ఎక్కడిదో వేలితో చూపించాను. నీలం చూసి ఆవిడ నమ్మలేదు. అద్దం తెచ్చి కిటికీ దగ్గర నిలబెట్టి చూపిస్తే, నుదురు అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నారు. తెల్లగా వెయ్యమని మళ్ళీ అడగలేదు.

అయిదో సిట్టింగులో పని చెడింది. కళ్ళూ ముక్కూ పెదవులూ వేటికవి బాగానే వచ్చాయి, నేను సంతోషంగానే ఉన్నాను. అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, భుజం మీదుగా చేతి అద్దంలో బొమ్మను చూసుకున్నాను. అద్దంలో కుడి ఎడమలు మారేసరికి కన్ను మొదటిసారి చూసినట్టు చూస్తుంది. ముఖం రెండుగా విరిగినట్టు ఉంది. నుదురు, కళ్ళు ఒక తలవి, ముక్కు కింద నుంచి ఇంకో తలవి. ఆవిడ మెడ నొప్పివల్ల వారం వారం కొద్దికొద్దిగా ఎడమకు ఒరుగుతూ వచ్చారు. నేను గడ్డాన్ని ఒక వారం ఒరిగిన తీరులోనూ, కళ్ళను మరో వారం ఒరిగిన తీరులోనూ వేశాను. కాళ్ళకు గీతలు గీశాను గాని తలకు గుర్తు పెట్టుకోలేదు. ఫోటోలో అన్ని భాగాలూ ఒకే క్షణానివి కాబట్టి ఏ ముక్క ఎప్పుడు వేసినా అతుకుతుంది. మనిషి విషయంలో అతకదు. రంగులు కలిపే కత్తి, పాలెట్ నైఫ్ తీసుకుని ముఖమంతా గీకేశాను. కింద అంబర్‌తో వేసిన పొర మాత్రం ఆరి ఉంది కాబట్టి మిగిలింది.

ఆవిడ కుర్చీలోంచి లేచి, "నేను కదిలానా మాస్టారూ? నావల్ల పాడైందా?" అని అడిగారు. కూర్చున్నవారు కదలడం సహజమనీ, చూసుకోవలసినవాణ్ణి నేననీ చెప్పాను గాని, ఆ ముఖంలోని దిగులు చూసి, ఆ రోజు కత్తి పట్టేముందు ఒక మాట చెప్పి ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాను. రెండు వారాల శ్రమ ఆవిడది కూడా.

ఆ వారంలో ఒక సాయంత్రం మా ఊళ్ళోనే ఉన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. ఇక్కడే, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొమ్మలు నేర్చి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, 1925లో 28 ఏళ్ళు నిండకముందే కన్నుమూసిన ఆ చిత్రకారుడి బొమ్మలను చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూశాను. ఎప్పుడూ పెద్ద వర్ణచిత్రాల ముందే నిలబడేవాణ్ణి. ఈసారి పెన్సిలు స్కెచ్‌ల దగ్గర ఆగాను. ఒక్కొక్క మనిషి ఒంటి తీరును ఆయన ఎంత కొద్ది గీతల్లో పట్టుకున్నాడో, తల, మెడ, నడుము ఒకదానికొకటి ఎలా జవాబు చెబుతున్నాయో గమనిస్తే, నా తప్పు ఎక్కడుందో స్పష్టమైంది. నేను భాగాలను చూస్తున్నాను, కూర్చున్న తీరును చూడడం లేదు.

ఆరోసారికి ఏర్పాటు మార్చాను. ఆవిడ నడుము వెనుక దిండు, మెడ వెనుక కుర్చీ వీపుకు చుట్టిన తువ్వాలు పెట్టాను. ఆవిడ తల వెనుక గోడ మీద రెండు నిలువు టేపు ముక్కలు అంటించి, నేను నిలబడే చోట కూడా పాదాల గీతలు గీసుకున్నాను. అక్కడి నుంచి చూస్తే ఎడమ చెవి అంచు ఒక టేపును తాకాలి, కొప్పు రెండోదాన్ని తాకాలి. ఎడమకు ఒరిగే ఆ తీరు ఆవిడ సహజంగా కూర్చునే తీరే కాబట్టి, ఈసారి దాన్నే అసలు భంగిమగా తీసుకున్నాను. నిటారుగా ఉన్న తలను నేనే మొదటి వారాల్లో ఆవిడ మీద రుద్దాను. ఆరు, ఏడు సిట్టింగుల్లో ముఖం మళ్ళీ వచ్చింది, ముందటికన్నా త్వరగా, తక్కువ కుంచె దెబ్బలతో వచ్చింది. ఒక చోట మూడు నిమిషాలు చూసి ఒక్కసారి రంగు పెట్టడం అలవాటైంది. పటాలు వేసేటప్పుడు ఈ నిష్పత్తి సరిగ్గా తలకిందులుగా ఉండేది.

ఇంకా ఎన్ని వారాలని ఆవిడ ఒకరోజు అడిగితే, పారిస్‌లో సెజాన్ అనే చిత్రకారుడు 1899లో వొలార్ అనే చిత్రాల వ్యాపారిని వందకు పైగా సార్లు కూర్చోబెట్టాడని వొలారే రాసుకున్న సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అన్నాళ్ళూ ఆయనకి కూలిచ్చారా?" అని అడిగారు. ఆ కథ నేను చదివి పదేళ్ళయింది. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు.

ఎనిమిది, తొమ్మిది సిట్టింగులు చేతులకు పట్టాయి. ఒడిలో పెట్టుకున్న చేతులు ఊరుకునేవి కావు. నిమిషానికోసారి వేళ్ళు ముడిచేవి, విప్పేవి. ఊరికే ఉంచడం రావడం లేదని ఆవిడే చెప్పి, మరుసటి వారం అంటు కట్టిన చోట చుట్టే ప్లాస్టిక్ పట్టీ ఒకటి తెచ్చుకున్నారు. ఎడమ చూపుడు వేలికి దాన్ని రెండు చుట్లు చుట్టి, కుడి బొటనవేలితో కొస అదిమి పట్టుకోగానే చేతులు రెండూ స్థిరపడిపోయాయి. అంత బలమైన కూర్పు నేను చెప్పి పెట్టించగలిగేవాణ్ణి కాదు. వేలి గీతల్లో మొక్కల పాలు ఇంకి, ఎన్ని కడిగినా పోని నల్లటి మరకలు ఉన్నాయి. కణుపుల మీద చర్మం ముఖం మీదికన్నా ఎరుపు, గోళ్ళ దగ్గర బూడిద నీలం. ఈ చేతుల మీద నేను ముఖం మీదకన్నా ఎక్కువ సేపు పనిచేశాను, ఆ రెండు వారాలూ నా జీవితంలో అత్యంత సంతోషంగా బొమ్మ వేసిన రోజులని చెప్పగలను.

ఈ దశలో ఒక ఇబ్బంది వచ్చింది, తైలవర్ణాలతో పనిచేసేవారందరికీ తెలిసినదే. ఆరిన చోట్ల, ముఖ్యంగా అంబర్ ఎక్కువగా ఉన్న నీడల్లో, నూనె కిందికి ఇంకిపోయి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. అది చూసి అంచనా వేస్తే కొత్తగా కలిపే రంగు తప్పుతుంది. సిట్టింగుకు ముందు ఆ చోట్ల అవిసె నూనెను చాలా పలుచగా వేలితో రుద్ది, మెత్తని గుడ్డతో అద్దేస్తే అసలు రంగు తిరిగి పైకి వస్తుంది. కింది పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ ఉండాలనే నియమం తప్పకుండా పాటించాను. పైది ముందు ఆరి కిందిది తరువాత ఆరితే కొన్నాళ్ళకు రంగు బీటలు వారుతుంది.

నోరు చివరికి మిగిల్చాను. మౌనంగా ఉన్నప్పుడు ఆవిడ పెదవులు బిగిసి, సరిగ్గా ఆ గుర్తింపు కార్డు ఫోటోలోని బిగువు వచ్చేది. పదో సిట్టింగులో మామిడికి టెంక అంటు ఎలా కడతారో చెప్పమని అడిగాను. ఆవిడ చెబుతూ పోయారు: టెంక మొలిచి లేత కాండం ఇంకా ఎర్రగా ఉన్నప్పుడే కొయ్యాలనీ, పై కొమ్మ ఆ కాండం అంత లావే ఉండాలనీ, కత్తి ఒక్క కోతలో దిగాలనీ. మాట్లాడుతున్నప్పుడు నోరు కదులుతుంది కాబట్టి దాన్ని చూసి వేయలేము. మాట ముగిసి, నేను అర్థం చేసుకున్నానా లేదా అని చూసే రెండు క్షణాలు నోరు ఆగుతుంది. పై పెదవి కాస్త ముందుకు వచ్చి, ఎడమ మూల లోపలికి దిగుతుంది. ఆ రెండు క్షణాల కోసం ఎదురుచూస్తూ, చూసినదాన్ని గుర్తుంచుకుని పెడుతూ, ఉదయమంతా గడిపాను. పెట్టిన రంగు తడిగా ఉండగానే నోటి మూలను పొడి కుంచెతో చెంపలోకి కలిపేశాను. అక్కడ గీత నిలిచి ఉంటే నోరు అతికించినట్టు ఉంటుంది.

మార్చి రెండో వారంలో పని పూర్తయిందనుకుని, ఆవిడను పిలిచి ఈజిల్ ముందు కుర్చీ వేశాను. ఆవిడ ముఖం వైపు చూసింది కొద్దిసేపే. వెంటనే కళ్ళు చేతుల మీదికి దిగాయి. చాలాసేపు చూసి, "అంతా బాగుంది మాస్టారూ, ఈ గోరు నాది కాదు" అన్నారు. ఎప్పుడో కత్తి తగిలి ఆవిడ కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి, మళ్ళీ ఎన్నడూ అతకలేదు. నేను దాన్ని నునుపుగా, నిండు గోరుగా వేశాను. రెండు ఆదివారాలు ఆ వేలినే చూస్తూ కూర్చున్నవాణ్ణి నేను.

పదకొండో సిట్టింగు ఆ గోరుకోసమే జరిగింది. ఆవిడ పట్టీ చుట్టుకుని, టేపు గుర్తుల మధ్యకు తల చేర్చి, గోడ మీది మేకు వైపు చూస్తూ ఇరవై నిమిషాలు కూర్చున్నారు. నేను సన్నని కుంచెతో అంబర్, అల్ట్రామెరైన్ కలిపిన చీకటి గీత ఒకటి దింపి, దాని పక్కన ఎడమవైపు అంచుకు వెలుగు పెట్టాను. లేచి వచ్చి ఆవిడ తన బొటనవేలిని బొమ్మలోని వేలి పక్కన పెట్టి పోల్చుకున్నారు. రంగు తడిగా ఉందని నేను హెచ్చరించే లోపలే గోరుకు అంటింది. కొబ్బరినూనె తెచ్చి, గుడ్డతో చీలిక లోపలి రంగు కూడా పోయేదాకా తుడిచాను.